నాయనమ్మను తూచిన రోజు

ఆ వీధి పిల్లలకు ఆమె తూకాలత్త. అసలు పేరు ఆమె మొగుడికైనా గుర్తుందో లేదోనని తోటివాళ్ళు ఆటపట్టిస్తారు. తిండిలో కలిపే బలం పొడి పసిపిల్లలకు నిజంగా పనిచేస్తుందో లేదో తేల్చే పరిశోధనలో ఆమెది ఉద్యోగం. మూడు నెలలకోసారి ఇంటింటికీ త్రాసు మోసుకెళ్ళి పిల్లల్ని తూచి రావాలి. పెద్ద చదువులవాళ్ళకు ఆ పిల్లలు ఉత్త అంకెలు. ఈమెకు మాత్రం ఒక్కొక్కడూ ఒక్కో గడుగ్గాయి.

ఆ ఉదయం మేడమీది ఇంట్లో అడుగుపెట్టగానే చంకలో పిల్లాడితో కోడలు చెవిలో ఊదింది.

"అక్కా, నేను కుట్టు ఫ్యాక్టరీలో చేరానుగా. ఈసారి వీడి తూకం తగ్గిందంటే పని మానెయ్యాల్సిందేనంది మా అత్త."

ఆ అత్త సామాన్యురాలు కాదు. వీధిలోని గోదాములన్నింటికీ ఆవిడే కాపలా. నడుముకు వేలాడే ఇనుప తాళాల గుత్తి చప్పుడైతే పిల్లులు కూడా దారిస్తాయి. కోడలు పనిలో చేరినప్పటి నుంచీ మనవణ్ణి సాకుతున్నది తానే కాబట్టి, తూకానికి కూడా తానే ఎత్తుకుంటానని పట్టుబట్టింది. వాడేమో త్రాసు చూస్తేనే ఆరున్నొక్క రాగం అందుకుంటాడు. అందుకని ముందు నాయనమ్మను ఒక్కదాన్నే తూచి, తర్వాత మనవడితో కలిపి తూచి, తేడా లెక్కగట్టాలి.

తూకాలత్త తేడా కట్టి పాత అంకెతో పోల్చింది. పోయినసారి కంటే పావుకిలో తక్కువ! వాడి బుగ్గలేమో పుణికితే చేతినిండా వస్తున్నాయి.

"చూశావా? తల్లి ఇంటిపట్టున లేకపోతే ఇంతే!" అంది పెద్దావిడ. కోడలు కళ్ళనీళ్ళ పర్యంతమైంది.

"ఆగండి పెద్దమ్మా, ఏదైనా రెండుసార్లు తూచాలి. మా పద్ధతి అది."

పెద్దావిడ మనవణ్ణి దించి, గుత్తి మళ్ళీ నడుముకు తగిలించుకుని త్రాసెక్కింది. ఈసారి తూకాలత్త అంకెను వదిలి మనిషిని చూసింది. ఒంటరి తూకం అయ్యాక ఆవిడ త్రాసు దిగి, గుత్తి తీసి బల్లమీద పెట్టి, అప్పుడు మనవడికి చేతులు చాచింది.

"అదెందుకు తీశారు?"

"పసివాడికి గుచ్చుకోదూ!"

తూకాలత్త నెత్తి కొట్టుకుంది. ఒంటిమీది బరువులన్నీ ముందే తీయించాలని శిక్షణలో చెవినిల్లు కట్టుకుని చెప్పారు. అందరి దగ్గరా తీయిస్తుంది కూడా. ఈవిడ గుత్తి అడగడానికి మాత్రం నోరు పెగల్లేదు.

గుత్తి పక్కన పెట్టించి, మొదటి నుంచీ మళ్ళీ తూచింది.

"పెరిగాడు పెద్దమ్మా! అరకిలో పెరిగాడు!"

ఆనందం పట్టలేక తూకాలత్త వాణ్ణి లాక్కుని ముద్దుపెట్టేసింది. పెద్దావిడ కాసేపు గుమ్మానికేసి చూసింది, కాసేపు త్రాసుకేసి చూసింది. తర్వాత కోడలిమీద ఇంతెత్తున లేచింది.

"ఇంకా ఇక్కడే నిలబడ్డావేమే? షిఫ్టుకు టైమవడంలా? వీణ్ణి నేను చూసుకుంటాలే, నడు!"