ఒక్క బెల్లుకు ఆగినవాళ్లం

మొన్న ఇల్లందు బస్టాండు దగ్గరి వాలులో ఒక లారీ గట్టిగా బ్రేకు వేసింది. కాలిన రబ్బరు వాసన ముక్కుకు తగలగానే నా చేతిలోని కూరగాయల సంచి జారి కింద పడింది. టమాటాలు ఏరి ఇస్తూ పక్కనున్నావిడ "ఏమైందమ్మా, కండ్లు తిరుగుతున్నయా?" అని అడిగింది. లేదన్నాను. ఆ వాసనకు నాకు కళ్లు తిరగవు, ఒక మనిషి గుర్తొస్తాడు. ఆయన పేరు ఐలయ్య. మా సైకిల్ క్లబ్బుకు పెద్ద. అందరం ఐలన్న అనేవాళ్లం. కిందటేడు నిద్రలోనే పోయాడు. ఆయన్ని ఎన్నడూ చూడని వాళ్లకు ఆయనెలాంటివాడో చెప్పాలంటే ముందు ఆయన చేసిన పని గురించి చెప్పాలి.

ఐలన్న బొగ్గుబాయిలో హాలేజ్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. బాయి పైన ఇంజను గదిలో కూర్చుని, ఇనుప తాడుతో బొగ్గు టబ్బులను లోపలికి దింపడం, పైకి లాగడం ఆయన పని. తాడు చివర ఏం జరుగుతోందో ఆయనకు కనిపించదు. లోపలివాళ్లు కొట్టే బెల్లే ఆయనకు కన్ను. ఒక్క బెల్లు కొడితే ఆపాలి, రెండు కొడితే కదిలించాలి. ఉద్యోగమంతా అలా చెవి మీదే బతికిన మనిషి, ఇంట్లో భార్యతో మాట్లాడేటప్పుడు కూడా తల కాస్త పక్కకు వంచి వినేవాడు. నేనేమో దవాఖానాలో రక్త పరీక్షలు చేసేదాన్ని. ఎదుటివాళ్ల మాట పూర్తి కాకముందే నా మాట అందుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. క్లబ్బులో చేరిన కొత్తలోనే ఆయన, "సుజాతమ్మా, నువ్వు సూది గుచ్చేటప్పుడన్న నోరు మూస్తవా?" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మళ్లీ ఆదివారం మొహం కూడా చూడొద్దనుకున్నాను. కానీ ఆ ఆదివారం తెల్లారేసరికి అందరికంటే ముందు నేనే వెళ్లి నిలబడ్డాను.

ఒక చలికాలం మా క్లబ్బులోని రమేష్ ఫోనులో ఒక వీడియో తెచ్చి చూపించాడు. రమేష్ బాయిలో ఎలక్ట్రీషియన్, నన్ను సొంత అక్కలా చూసేవాడు. వీడియోలో ఎక్కడో ఉత్తరాన, కొండల్లో, తెల్లటి మంచు మీద లావు టైర్ల సైకిళ్లు వరసగా దిగిపోతున్నాయి. మేం నోళ్లు తెరుచుకుని చూశాం. ఐలన్న కూడా చూసి, "మనకు గసుంటి మంచు యాడికెళ్లి వస్తది? మన పొగమంచులనే పోదాం, గుండాల అడవిలకెళ్లి పినపాక దాకా" అన్నాడు. అయితే ఒక షరతు పెట్టాడు. పొగమంచులో ఒకరికొకరు కనిపించరు కాబట్టి బాయి బెల్లు పద్ధతే పాటించాలి. ఒక్క బెల్లు వినపడితే ఎవరు కొట్టారని చూడకుండా ఆగాలి. రెండు బెల్లులు వినపడేదాకా కదలకూడదు. ఆ రెండు కూడా ఆపినవాళ్లే కొట్టాలి.

నేను ఊరుకుంటానా. "ఆపినోళ్లు మర్చిపోతే పొద్దుగూకేదాకా నిలబడాల్నా అన్నా?" అన్నాను. చాయ్ గ్లాసు పక్కన పెట్టి ఆయన ఒక సంగతి చెప్పాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రోజు లోపలి నుంచి ఒక్క బెల్లు వచ్చిందట. ఇంజను ఆపాడు. ఎంతసేపటికీ రెండు బెల్లులు రాలేదు. పైనున్న వాళ్లు పోనీ పోనీ అని ఒకటే అరుపులు, తిట్లు. ఆయన చెయ్యి కదపలేదు. తర్వాత తెలిసింది, పట్టాల మధ్య ఒక మనిషి టబ్బు కింద పడి ఉన్నాడు. బతికే ఉన్నాడు. "ఆ మనిషి బిడ్డ పెండ్లికి పోయి అన్నం తిన్న నేను" అన్నాడు ఐలన్న. క్లబ్బులో ముప్పాతిక మంది బాయివాళ్లే కాబట్టి వాళ్లకు కొత్తగా నేర్పాల్సిందేమీ లేకపోయింది. రెండు ఆదివారాలు తిరిగేసరికి నాకూ ఒక్క బెల్లు వినపడితే చెయ్యి దానంతటదే బ్రేకు మీదికి పోయేది.

అనుకున్న రోజు గుండాల దాటి బండ్ల బాట పట్టేసరికి ముందున్న సైకిలు వెనక చక్రం తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. చెట్ల మీది నీళ్లు వానలాగా మా మీద రాలుతున్నాయి. అందరికంటే ముందు ఐలన్న, ఆయన వెనక రమేష్, తర్వాత నేను, నా వెనక మిగతావాళ్లు. ఆ బాట ఒకచోట తారు రోడ్డును దాటి అవతలి అడవిలోకి పోతుంది. అక్కడ రోడ్డు మలుపు తిరిగి వాలుగా దిగుతుంది. ఇసుక టిప్పర్లు నడిచే రోడ్డు. ఐలన్న దాటిపోయాడు. మేం సరిగ్గా తారు మీదికి వచ్చామో లేదో, ముందు నుంచి ఒక్క బెల్లు వినిపించింది.

అందరం ఉన్నచోటే ఆగిపోయాం, నడి రోడ్డు మీద. రెండు బెల్లుల కోసం చెవులు రిక్కించి నిలబడ్డాం. ఐలన్న పడిపోయాడేమో, ముందుకు జరిగితే ఆయన మీదికే సైకిలు ఎక్కిస్తామేమో అని నా భయం. అప్పుడు పైనుంచి, వాలు మీద, టిప్పరు చప్పుడు వినిపించింది.

"రమేష్, బండి వస్తున్నది."

"అవ్ అక్కా. రెండు బెల్లులు రాలే."

"జరుగుదామా?"

"ముందట ఎవలన్న పడి ఉంటే?"

చప్పుడు దగ్గరైంది. నా కాళ్లు పారిపొమ్మంటున్నాయి, చెయ్యి బ్రేకు వదలడం లేదు. అంత భయం నేను మళ్లీ ఎన్నడూ పడలేదు. అంతలో ముందు నుంచి ఐలన్న గొంతు వినిపించింది. బెల్లు వినపడనంత ముందుకు పోయినవాడు, వెనక మా టైర్ల చప్పుడు లేదని తెలిసి తిరిగొచ్చాడు.

"ఏడున్నరు మీరు?"

"రోడ్డు మీదనే అన్నా. నువ్వు బెల్లు కొడితివి గదా" అన్నాడు రమేష్.

"నేను కొట్టలే. దిగుండ్రి రోడ్డు, దిగుండ్రి" అని అరుస్తూనే సైకిలు పడేసి మమ్మల్ని దాటుకుని టిప్పరుకు ఎదురు పరుగెత్తాడు. మేం తలోవైపు తోసుకున్నాం. నా హ్యాండిలు రమేష్ సైకిలుకు చిక్కుకుంది, వాడు కింద పడ్డాడు. సైకిలు వాడి కాలి మీద పడింది. లాగుతున్నాను, రావడం లేదు. మసక మసగ్గా రెండు పసుపుపచ్చ లైట్లు, వాటి ముందు మఫ్లరు ఊపుతూ ఐలన్న. హారను. ఆ తర్వాత బ్రేకు, రబ్బరు కాలిన వాసన.

టిప్పరు ఆగింది. ఐలన్న చెయ్యి దాని బానెట్టు మీద ఉంది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాడు. ఐలన్న అతనికి దండం పెట్టాడు.

అప్పుడు అవతలి బాట మీది పొగమంచులోంచి ఒక పెద్దాయన సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. వెనక వెదురు తట్టల కట్ట. సంతకు పోతున్నాడు. "మలుపు గదా అని బెల్లు కొట్టిన నేను. మీరు ఆగిండ్రు. ఏందో అని నేను సుత ఆగిన" అన్నాడు పాపం. మాలో ఒకరిద్దరు నవ్వబోయి ఏడ్చేశారు.

ఐలన్న రోడ్డు పక్కన రాయి మీద కూలబడ్డాడు. అందరినీ దగ్గరికి పిలిచాడు. తిట్లు పడతాయని నేను సిద్ధమయ్యాను.

"తప్పు నాది" అన్నాడు. "మీకు ఆగుడు నేర్పిన. కదులుడు నేర్పలే."

"మేమే జరగకపోతిమి అన్నా" అన్నాడు రమేష్.

"జరగకుండ చేసింది నేనే గదరా. బాయిల తాడు కదలకపోతే మనిషి బతుకుతడు. ఇది రోడ్డు. నా బాయి బుద్ధి తెచ్చి మీకు కట్టిన." మళ్లీ అన్నాడు, "గియ్యాల్టి నుంచి ఎవలకు భయమైతే వాళ్లు జరుగుండ్రి. నన్ను అడగొద్దు."

నేను ఆయన పక్కన కూర్చుని నీళ్ల సీసా ఇచ్చాను. ఆయన తాగలేదు. "అందరు ఆగిన్రంటే సరే. ఎన్నడు నా మాట విననిదానివి, నువ్వు సుత ఆగినవంటే, నేనెంత చెడగొట్టిన్నో సమజైంది" అన్నాడు. నాకు దుఃఖం ఆగలేదు. ఆయన మీద అంతకాలం పెట్టుకున్న చిన్న చిన్న కోపాలన్నీ ఆ మాటతో పోయాయి. పెద్దరికం అంటే గొంతు పెంచడమనుకునేదాన్ని. తన పద్ధతే ప్రాణం మీదికి తెచ్చిందని తెలిసినప్పుడు, అందరి ముందు, అక్కడికక్కడే దాన్ని తీసి పారేసిన పెద్దమనిషిని అంతకుముందు నేను చూడలేదు. ఆ రోజు పినపాక దాకా ఆయన అందరికంటే వెనక తొక్కుకుంటూ వచ్చాడు. నన్ను ముందు పొమ్మన్నాడు.

ఇప్పుడు క్లబ్బును నేనే నడిపిస్తున్నాను. ఈ చలికాలం ఒక వాగు దగ్గర అందరినీ ఆగమన్నాను. కొత్తగా చేరిన లావణ్య అనే పిల్ల ఆగకుండా నన్ను దాటుకుని పక్క గట్టు ఎక్కేసింది. ఇంకో ఇద్దరిని కూడా చెయ్యి పట్టి లాక్కుపోయింది. నేను చుట్టూ చూశాను. అక్కడ ఏ ప్రమాదమూ లేదు. నా మాట అంతమందిలో చెల్లలేదు, అంతే. కోపం గొంతు దాకా వచ్చింది. అందరూ నా మొహమే చూస్తున్నారు.

"సారీ అక్కా, ఏందో చప్పుడైనట్టు అనిపించింది" అంది ఆ పిల్ల భయపడుతూ.

కోపం దిగమింగడానికి కాస్త సమయం పట్టింది.

"మళ్ల అనిపిస్తే మళ్ల గట్లనే చెయ్యి" అన్నాను.