పదో వారం దాటాక లోపలికి వస్తాయి

పది రోజుల సెలవు తర్వాత ఇవాళ గుడివాడలో మా డిగ్రీ కాలేజీకి వెళ్ళాను. స్టాఫ్‌రూమ్‌లో అందరూ "జ్వరం తగ్గిందా అండీ?" అని అడిగారు. తగ్గిందన్నాను.

రెండో పీరియడ్ నా జువాలజీ క్లాసు. పాఠం సరిగ్గా అక్కడే ఆగి ఉంది: పిండంలో పేగులు ఎలా ఏర్పడతాయి. ఏటా చేసినట్టే చార్టు కాగితం తీసి, అంచులు కిందికి మడిచి, గొట్టంలా చుట్టి చూపించాను. మొదట పల్చటి పొర, తర్వాత గొట్టం. అది గబగబా పెరిగి, పొట్టలో చోటు చాలక, కొన్నాళ్ళు బొడ్డుతాడులోకి వెళ్ళి ఉంటుందని చెప్పాను.

బంటుమిల్లి నుంచి బస్సులో వచ్చే అమ్మాయి లేచింది.

"పేగులు అలా బయటే ఉండిపోతే ఎలాగండీ మేడమ్?"

"ఉండిపోవమ్మా. పదో వారం దాటాక వాటంతట అవే లోపలికి వచ్చేస్తాయి. కూర్చో."

నా గొంతు మామూలుగానే ఉంది. నా కడుపులోది తొమ్మిదో వారంలోనే ఆగిపోయింది. అంటే దాని పేగులు ఇంకా లోపలికి రాలేదన్నమాట. అది అనుకుంటూనే బోర్డు తుడిచి, హాజరు వేశాను. మధ్యాహ్నం క్యారేజీ విప్పి పప్పన్నం మొత్తం తిన్నాను కూడా.

మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పొద్దని మా అత్తయ్యగారు అన్నారు. చెప్పలేదు. అందుకే కాలేజీలో అది జ్వరమైంది.

ఉందనే చెప్పనిదాన్ని పోయిందని ఎలా చెప్పాలో, మీలో ఎవరికైనా తెలిస్తే కింద రాయండి.