కొట్టేసిన సంతకం

మొన్న శనివారం అమెరికాలో మేముండే చాండ్లర్‌లో ఇండియన్ స్టోర్ బయట, కరివేపాకు సంచీ పట్టుకుని కారు తాళాలు వెతుక్కుంటుంటే, మన తెలుగమ్మాయే ఒకతె అట్ట మీద కాగితాలు పెట్టుకుని ఎదురొచ్చింది. వాషింగ్టన్‌లో కూర్చునే కాంగ్రెస్ సభ్యులు ఇన్ని టర్మ్‌లకు మించి ఉండకూడదని మా రాష్ట్రం గట్టిగా అడగాలట, అందుకు సంతకాలట. ముప్పై ఏళ్ళు దాటినా అలాంటి కాగితం చూస్తే నాకు అదే భయం.

అప్పట్లో కంప్యూటర్ చిప్పుల కంపెనీలో ఇంజనీరుని, గ్రీన్ కార్డ్ మీద ఉన్నాను, సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ మూడు వారాల్లో ఉంది. నేను షిఫ్టులో ఉండగా మా ఆవిడకు నొప్పులొస్తే తానే ఆసుపత్రికి తీసుకెళ్ళిన మహాతల్లి, మా పక్కింటి అమెరికన్ పెద్దావిడ, ఒక సాయంత్రం ఇలాంటి కాగితమే తెచ్చింది. తన పెళ్ళినాటి నుంచి మనవలు పుట్టేదాకా ఒకే మనిషి ఆ కాంగ్రెస్ కుర్చీకి అతుక్కుపోయాడని ఆవిడ కోపం. అంత మేలు చేసిన మనిషి అడిగితే చదివి చూడటం కూడా మర్యాద కాదనుకుని, బుద్ధిలేని వెధవని, సంతకం గీకేశాను.

మర్నాడు లంచ్‌లో గొప్పగా చెబితే మా సీనియర్ తింటున్న ముద్ద దించేశాడు. "ఏమయ్యా, అది రిజిస్టర్డ్ ఓటర్లకి! సిటిజన్‌వి కాకుండానే సైన్ చేశావా? రేపు ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్తావ్?"

ఉద్యోగం, ఇల్లు, పొత్తిళ్ళలో పిల్ల, అన్నీ ఆ ఒక్క గీతతో పోయినట్టే అనిపించింది. సెలవు పెట్టి పరుగెత్తుకొస్తే, ఆవిడ కాగితాలు అప్పజెప్పడానికి అప్పుడే వెళ్ళిందని వాళ్ళింట్లో అన్నారు. మండుటెండలో ఆ ప్రచారం ఆఫీసు వెతుక్కుంటూ వెళ్ళేసరికి పెట్టెలకు టేపు వేస్తున్నారు. పెట్టెకు చెయ్యి అడ్డం పెట్టాను.

పక్కింటావిడ ఇంకా అక్కడే ఉంది. విషయం విని ఆవిడ ముఖం పాలిపోయింది. పెట్టెలోంచి తన కాగితాలు పైకి తీసి, నా వరసను నల్ల సిరాతో అడ్డంగా కొట్టేసి, "వై డిడ్న్ట్ యూ జస్ట్ సే నో, హనీ?" అంది. పెద్దవాళ్ళు అడిగితే కాదనడం మాకు చేతకాదని ఎలా చెప్పను? ఏడ్చేశాను.

ఇంటర్వ్యూ గండం గడిచింది. ఆ సంతకాలతో జనం ఓటుకు పెట్టిన ఆవిడ చట్టం నెగ్గింది గానీ, కాంగ్రెస్‌కు అలాంటి హద్దు పెట్టే అధికారం రాష్ట్రాలకు లేదని సుప్రీంకోర్టు తేల్చేసింది. మళ్ళీ మొదలుపెడదాం, ఈసారి నువ్వూ చెయ్యొచ్చు అని నవ్విన మనిషి, ఆ ఈసారి రాకముందే కన్నుమూసింది.

"అంకుల్, ఆర్ యూ అ రిజిస్టర్డ్ ఓటర్?" అని స్టోర్ దగ్గర ఈ అమ్మాయి మాత్రం ముందుగానే అడిగింది. అవునమ్మా అని, అక్షరం వదలకుండా చదివి మరీ సంతకం చేశాను. ఇంటికెళ్ళి ఆ సంగతి పక్కింట్లో చెబుదామనుకున్నాను. ఇప్పుడు అక్కడ ఎవరుంటున్నారో, వాళ్ళ పేరేమిటో నాకు తెలియదు.