కొత్తవాళ్ల గదిలో టీచరుగారు

పోయిన నెల ఒక ఉదయం మా ఫోరంలో టీచరుగారి అకౌంటు నుంచి ఒక మెసేజ్ వచ్చింది. "టీచరుగారు నిన్న నిద్రలోనే వెళ్లిపోయారండి. మీ అందరికీ తెలియకపోతే బాగుండదని రాస్తున్నాను. ఇట్లు, ఆవిడ భర్త." షాపు షట్టరు సగం ఎత్తి, ఫోను పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఆకాశాన్ని కంటితో కాకుండా రేడియోతో గమనించే సరదా ఉన్నవాళ్లం తెలుగులో రాసుకునే వెబ్‌సైట్ మాది. మాలో శాస్త్రవేత్తలెవరూ లేరు. నాది రాజమండ్రిలో కళ్లజోళ్ల షాపు. అల్యూమినియం రేకు మడిచి పెద్ద గరాటులా యాంటెన్నా చేసుకుంటాం. దానికో చిన్న యాంప్లిఫయరు, రిసీవరు తగిలించి లాప్‌టాప్ ముందు కూర్చుంటాం. పాలపుంతలోని హైడ్రోజన్ వాయువు నుంచి చాలా బలహీనమైన రేడియో తరంగాలు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. పాలపుంత గరాటుకి ఎదురుగా వచ్చినప్పుడు తెరమీది గీత ఒకచోట చిన్న గుట్టలా లేస్తుంది. ఆ గుట్ట కోసమే మా పాట్లన్నీ. దీనికి రాత్రే కానక్కర్లేదు. పట్టపగలైనా, మబ్బు పట్టినా కుదురుతుంది.

టీచరుగారిది పాలకొల్లు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. ఫోరంలో 'కొత్తవాళ్ల గది' అనే పేజీ ఆవిడే చూసుకునేవారు. వైరు ఎంత పొడవుండాలి, గరాటు అడుగున ఉండే డబ్బాకి చిల్లు ఎక్కడ పెట్టాలి, లాప్‌టాప్ రిసీవర్ని ఎందుకు గుర్తుపట్టడం లేదు... అడిగిన ప్రశ్నే మళ్లీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. పైన ఉంది చూసుకోండి అని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. ప్రతిసారీ మొదటిసారి అడిగినట్టే జవాబు రాసేవారు. ఇంటర్ చదివే పిల్లల్ని సైతం 'గారు' అనే పిలిచేవారు. "ముందు ఫొటో పెట్టండి, తర్వాత మాట్లాడుకుందాం" అన్నది ఆవిడ ఊతపదం. మొహమాటపడేవాళ్లతో, "తెలియలేదని రాయండి చాలు. దాని కింద ఎవరో ఒకరు రాస్తారు" అనేవారు.

ఒకసారి ట్రాక్టర్ మెకానిక్కు ఒకాయన, టీవీ డిష్షుతో ఈ పని అవుతుందా అని అడిగాడు. హైదరాబాదులో ఉండే ఇంజినీరొకాయన దాని కింద వెటకారంగా రెండు ముక్కలు రాశాడు. టీచరుగారు మెకానిక్కుకి ఓపిగ్గా జవాబిచ్చి, ఆ కిందే ఇంజినీరుని అడిగారు: "బొమ్మ ఉంటే ఇంకా బాగా అర్థమవుతుందండి. మీరు గీసి పెట్టగలరా?" ఆయన మూడో రోజు బొమ్మ పెట్టాడు. ఎంత శుభ్రంగా ఉంటుందో ఆ బొమ్మ. ఇప్పటికీ కొత్తగా వచ్చినవాళ్లందరికీ ముందు దాన్నే చూపిస్తాం.

నా మొదటి గుట్ట నిజమైనదేనని తేల్చింది కూడా ఆవిడే. అందుకే ఒకసారి ఎవరో "టీచరుగారూ, మీ మొదటి గ్రాఫ్ మాకూ చూపించండి" అని అడిగినప్పుడు ఆవిడ రాసిన జవాబు చూసి ఆశ్చర్యపోయాను. "నాకింకా రాలేదండి. మా ఇల్లు బజారు మధ్యలో. ప్రయత్నిస్తున్నాను."

అన్నేళ్లుగా అందరికీ దారి చెబుతున్న మనిషికి ఒక్కసారి కూడా రాలేదంటే మాకు మనసొప్పలేదు. మా ఫోరంలోనే మండపేట రైసుమిల్లు ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉన్నారు, ఆయనా నేనూ మాట్లాడుకుని పెద్ద గరాటు ఒకటి చేశాం. జనవరిలో ఒక ఆదివారం దాన్ని ట్రాలీ ఆటోలో వేసుకుని పాలకొల్లు వెళ్లాం. ఆవిణ్ణి నేను చూడటం అదే మొదలు. సన్నగా, పొట్టిగా ఉన్నారు. నేతచీర కొంగు బొడ్లో దోపుకుని, మాతోపాటు తనూ ఓ పక్క పట్టుకుని గరాటుని డాబా మీదికి ఎక్కించారు. వాళ్లాయన మాకు గోంగూర పప్పుతో భోజనం పెట్టి, ఎండ తగలకుండా లాప్‌టాప్‌కి గొడుగు కట్టారు.

మధ్యాహ్నం తెరమీద గుట్ట లేచింది. మండపేటాయన చప్పట్లు కొట్టారు. నేను ఫోన్లో ఫొటో తీశాను. టీచరుగారు మాత్రం కళ్లజోడు సవరించుకుని కాసేపు చూసి, గరాటుని మెట్లగది గోడకేసి తిప్పమన్నారు. తిప్పాం. గుట్ట అలాగే ఉంది. ఆకాశం నుంచి వచ్చేదైతే గోడకేసి తిప్పగానే పోవాలి.

"ఇది ఆకాశానిది కాదండి, మన ఇంట్లోదే" అన్నారావిడ.

ఒక్కొక్క స్విచ్చూ ఆపుకుంటూ వెతికాం. చివరికి వాళ్లాయన కొత్తగా వీధి గుమ్మం మీద పెట్టించిన సీసీ కెమెరా అని తేలింది. అది ఆపగానే గీత చదునైపోయింది. పాపం ఆయన ముఖం చిన్నబోయింది. ఈ వెతుకులాటలోనే పాలపుంత పడమటికి జారిపోయింది. మండపేటాయన ఆవిణ్ణి ఓదార్చబోయి, పోనీలెండి, దాదాపు వచ్చినట్టే రాసుకోవచ్చు అన్నారు.

ఆవిడ నవ్వారు. "దాదాపు అని రాస్తే రేపు వచ్చేవాళ్లు దాన్ని చూసి నేర్చుకుంటారండి. రాలేదనే రాద్దాం."

అలాగే రాశారు కూడా. కెమెరా సంగతితో సహా. గరాటుని డాబా మీదే వదిలి, టీ తాగి మేం తిరుగు బస్సు ఎక్కాం.

కొన్ని వారాల తర్వాత కొత్తవాళ్ల గదిలో ఒక పోస్టు కనబడింది. "నమస్కారమండి. నేను నేర్చుకుంటున్నాను. ఈ గ్రాఫులు సరైనవేనా? ఎవరైనా చూసి చెప్పగలరు." రాసింది టీచరుగారే. కింద మూడు గ్రాఫులున్నాయి. ఆకాశంకేసి పెట్టినది ఒకటి, గోడకేసి తిప్పినది ఒకటి, మర్నాడు మళ్లీ ఆకాశంకేసి పెట్టినది ఒకటి. మొదటిదాన్లో గుట్ట ఉంది. గోడ దగ్గర లేదు. మర్నాడు మళ్లీ ఉంది.

షాపులో ఇద్దరు కస్టమర్లు నిలబడి ఉన్నా వాళ్లని కూర్చోమని చెప్పి, గ్రాఫులు పెద్దవి చేసి చూశాను. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ఆవిడ మాకు నేర్పిన పద్ధతిలోనే ఒక్కొక్కటీ సరిచూసి, "ఇది పాలపుంతదేనండి, టీచరుగారూ" అని రాశాను. ఆ కింద ఎంతమంది అభినందనలు రాశారో. ఆ ఇంజినీరు కూడా రాశాడు. ఆవిడ మర్నాడు ఒక్క ముక్క రాశారు: "థాంక్సండి. నాకు చాలా సంతోషంగా ఉంది." ఆ వెంటనే, యాంప్లిఫయరు వేడెక్కుతోందని ఎవరో అడిగినదానికి జవాబు.

టీచరుగారి పెదకార్యం నాడు పాలకొల్లు వెళ్లాను. భోజనాలయ్యాక వాళ్లాయన నన్ను డాబా మీదికి తీసుకెళ్లారు. ఆ గుట్ట వచ్చిన రోజు సంగతి చెప్పారు. ఆవిడ మెట్ల మీంచి ఆయన్ని పిలిచి తెర చూపించారట. ఆయనకేమీ అర్థం కాలేదట. "ఇంతేనా అన్నానండి. ఇంతే, అని చాలాసేపు నవ్వింది. అలా నవ్వడం చూసి ఎన్నేళ్లయిందో" అన్నారు.

తెల్లవారుజామున కురిసిన వాన గరాటు అడుగున నిలిచి ఉంది. ఇద్దరం కలిసి దాన్ని ఒరగదీసి నీళ్లు పారబోశాం. ఆయన భుజం మీది తువ్వాలు తీసి లోపలి రేకంతా మూలమూలలా తుడిచారు. మళ్లీ నిలబెట్టాక, "ఇలాగేనా అండీ ఉండాలి?" అని అడిగారు. కొంచెం తూర్పుకి అన్నాను. రెండు చేతులతో జాగ్రత్తగా జరిపారు. వాన వెలిసిన ఎండ పడి రేకు వెలిగిపోతోంది. ఆయన తువ్వాలు పిండి భుజాన వేసుకుని, ముందుకు వంగి, ఆ గరాటులోకి తొంగి చూస్తూ ఉండిపోయారు.