మాచర్లకు రావద్దన్న మనిషి

మాచర్లలో స్టీలు సామాన్ల కొట్టు నడిపే వెంకటకృష్ణయ్యకు ఒక పిచ్చి ఉండేది. బేరాలు లేనప్పుడు ఫోను పట్టుకుని, ప్రపంచమంతా ఉచితంగా వాడుకునే ఆన్‌లైన్ పటంలో పల్నాటి డొంకదారులు గీసేవాడు. దుర్గిలో తప్పిపోయిన గేదె ఆయన పటం చూసుకునే ఇల్లు చేరిందని ఊళ్ళో చెప్పుకునేవారు.

ఇలా పటాలు గీసే స్వచ్ఛంద సేవకులు ఏటా ఏదో ఒక దేశంలో కలుస్తారు. ఈసారి మాచర్లలో కలుద్దామని వెంకటకృష్ణయ్య ప్రతిపాదించాడు. అంతమంది పట్టే హాలు ఊళ్ళో ఒక్కటే, అదీ ఒక పార్టీ నాయకుడిది.

"ఆయన గుమ్మం తొక్కారంటే ఇక మీరు ఆయన మనిషే," అంది భార్య రమాదేవి.

"ప్రపంచమంతా మనూరొస్తుంటే ఈ గోలేందే?" అని వెళ్ళి హాలు అడిగొచ్చాడు.

మర్నాడే అవతలి పార్టీవాళ్ళు కొట్టు మీదికి వచ్చారు.

"ఏంది శెట్టీ, ఫారినోళ్ళని వాళ్ళకి అప్పజెప్తున్నావంట? మేం చచ్చామనుకున్నావా?"

భయపడి, భోజనాలు వాళ్ళ నాయకుడి రైసుమిల్లులో పెట్టిస్తానని మాటిచ్చాడు. అది తెలిసి హాలు నాయకుడి మనుషులు కర్రలతో మిల్లు మీద పడ్డారు. ఇంకా టిక్కెట్టు కూడా కొనని అతిథుల కోసం జరిగిన ఆ కొట్లాటలో మిల్లు కాపలాదారు నాగయ్య చనిపోయాడు.

ఆ వారంలోనే, ఎక్కడ కలవాలో తేల్చే ఎంపిక సంఘంవాళ్ళు వీడియో కాల్ చేశారు. మీ ఊరే అందరికీ నచ్చింది, మావాళ్ళకు ఏ భయమూ ఉండదని మాటిస్తే చాలన్నారు.



"రావద్దండి," అన్నాడు వెంకటకృష్ణయ్య.

కొట్టు మూసి నాగయ్య ఇంటికి నడిచాడు. నాగయ్య భార్య లోపలికి రమ్మనలేదు.

"ఏ పార్టీ తరఫున వచ్చావన్నా?" అని అడిగింది.