విజయనగరం మీటింగుకు నేనిచ్చిన బోణీ

రాజాం బజారులో నన్ను మించిన బేరగత్తె లేదు. అలాంటి నేను, నా బతుకు మొత్తాన్ని ఒక శాలువాకీ రెండు సమోసాలకీ ఇచ్చేసి, బేరం బాగా కుదిరిందని విజయనగరం నుంచి బస్సులో నవ్వుకుంటూ ఇంటికొచ్చాను. అంత తెలివి అందరికీ అబ్బదు.

నేను కొట్టువాళ్లకి పుట్టలేదు. అమ్మ పోయాక అనాథపిల్లల హోమ్‌లో పెరిగాను. అక్కడి నుంచి, రాజాంలో బట్టల కొట్టున్న దంపతుల ఇంటికి ఫోస్టర్ కేర్ కింద వెళ్లాను. దత్తత కాదు. నచ్చకపోతే వెనక్కిచ్చేసే పద్ధతి. మడత విప్పిన చీర వెనక్కి తీసుకోబడదని మా కొట్లో బోర్డుండేది. పిల్లలకి ఆ పాటి బోర్డు కూడా లేదు. అయినా వాళ్లు నన్ను వెనక్కివ్వలేదు. నేను పిన్ని అని పిలిచే ఆ ఇంటావిడ గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టుకుని వ్యాపారం నేర్పింది.

"పొద్దున్నే మొదటొచ్చినోల్ని ఒట్టి సేతుల్తో పంపకే. నష్టానికైనా బోణీ ఇచ్చీ. మిగతా లాభం ఆడే ఎనక తెస్తాడు" అనేది.

ఆ మాట నా ఒంట్లో రక్తంలా కలిసిపోయింది. నా కొంప ముంచిందీ అదే.

నేను పెరిగిన హోమ్‌కి ఇప్పటికీ వెళ్తుంటాను. నాకక్కడ ప్రవేశం దాతగా. గౌన్లకని కట్ పీసుల మూట పట్టుకెళ్తే గేటు తీసి, టీ కూడా ఇస్తారు. అక్కడే ఇద్దరు అక్కచెల్లెళ్లుండేవారు. పసితనంలో చీపురుపల్లి స్టేషన్లో దొరికారు. పెద్దదానికి పద్దెనిమిది నిండబోతున్నాయి. నిండాయంటే హోమ్ వదిలిపోవాలి. పోయినవాళ్లు బయటివాళ్లు. బయటివాళ్లు లోపలి పిల్లని చూడాలంటే రక్తసంబంధానికి కాగితం చూపాలి. స్టేషన్లో దొరికిన పిల్లలకి కాగితమెక్కడిది? ఒకే అచ్చులో పోసిన మొహాలు వాళ్లవి. మొహం చెల్లదట.

జిల్లా ఆఫీసువాళ్లు, హోముల్లో పెరిగినవాళ్ల సలహాలు తీసుకుని పద్ధతులు బాగుచేస్తామని నన్ను మీటింగుకి పిలిచారు. నన్ను అప్పా అని పిలిచే పెద్దపిల్ల, మావైపు అప్పంటే అక్క, నా కొంగు పట్టుకుంది.

"అప్పా, నాకేటీ వద్దు. నానెల్లిపోయాక ఆదివారం సెల్లిని సూడనిమ్మని అడుగు. అంతే."

"అడుగుతానే. బేరం నాకు నేర్పుతావేటి?"

మీటింగులో పెద్దకుర్చీలో కూర్చున్న సారు నన్ను చూసి ముచ్చటపడ్డాడు. "ముందు నీ కథ చెప్పమ్మా. అందరికీ ఇన్‌స్పిరేషన్‌గా ఉంటుంది." అడగాల్సింది ముందు అడుగుదామనే లేచాను. ఇంతలో పిన్ని మాట గుర్తొచ్చింది. బోణీ కదా, ఇచ్చేద్దాం. అమ్మ పోయిన రోజు చెప్పాను. హోమ్‌లో మొదటి రాత్రి తలుపు దగ్గరే పడుకున్న సంగతి చెప్పాను. పిన్నికి కూడా ఎప్పుడూ చెప్పనివి చెప్పాను. ఒక మేడమ్ కళ్లొత్తుకుంది. శాలువా కప్పారు, ఫొటో తీశారు. అప్పుడు నోరు విప్పాను, "సార్, ఒక చిన్న విషయం..."

"సజెషన్స్ నెక్స్ట్ మీటింగులో చూద్దామమ్మా. ఇవాళ టైమైపోయింది."

పర్లేదనుకున్నాను. బోణీ అయింది, గిరాకీ ఎక్కడికి పోతుంది?

మీటింగు రాలేదు. పెద్దపిల్ల హోమ్ వదిలి చీపురుపల్లిలో ఒక టైలర్ దగ్గర చేరింది. హోమ్‌కి ఫోన్ చేస్తే "పిల్ల చదువుకుంటోంది" అని పెట్టేసేవారు. బడి కూడా ప్రహరీ లోపలే. ఒకసారి దాన్ని నా మూట మోసే మనిషిగా తీసుకెళ్లాను. వార్డెన్ గేటు దగ్గరే గుర్తుపట్టి వెనక్కి పంపేసింది. ప్రతి ఆదివారం నాకు ఫోనొచ్చేది.

"ఏటైందప్పా?"

"వస్తాదే. మీటింగొస్తాది."

ఎండలు పోయి వానలు ముదిరాక పిలుపొచ్చింది. ఈసారి పిల్లని వెంటబెట్టుకెళ్లి మెట్ల మీద కూర్చోమన్నాను. హాలు గుమ్మానికి ఫ్లెక్సీ. అందులో తడికళ్లతో, శాలువాతో నేను. కింద 'పిల్లల గొంతే మాకు దారి' అని రాయించారు. ఆ గొంతు అడగాలనుకున్న ఒక్క ముక్కా ఇన్నాళ్లూ ఎవరూ వినలేదు. నా ఒళ్లు మండిపోయింది.

"మళ్లీ నీ కథ చెప్పాలమ్మా. ఇవాళ కొత్తవాళ్లొచ్చారు" అన్నాడు సారు.

"స్టాకైపోయింది సార్. అడగడానికొచ్చాను." అడిగాను.

"నీ బాధ అర్థమైంది. కానీ పిల్లల భద్రత ఉంది కదా. రేపెవరో వచ్చి అక్కనంటే?"

"మీ హోమ్‌లోనే అన్నం తిని పెరిగిన పిల్ల మీకు ఎవరో అయిపోయిందా?"

"ఎమోషనల్ అవ్వకమ్మా."

మొదటిసారి నా ఏడుపుకి శాలువా కప్పిన మనిషే ఈ మాటన్నాడు. ఏడిస్తే సన్మానం, అడిగితే ఎమోషన్!

నాకు తెలిసిన ఆఖరి ఎత్తు వేశాను. కొట్లో ధర తెగకపోతే కొనేవాళ్లు లేచి మెట్లు దిగుతారు. దిగుతుంటే కొట్టువాడు వెనక్కి పిలుస్తాడు. నేనూ విసురుగా లేచి నడిచాను. మెట్లన్నీ దిగాను. ఎవరూ పిలవలేదు. నేను పోతే వాళ్లకేం నష్టం? ఫ్లెక్సీలో ఉన్నాను కదా.

మెట్ల మీది పిల్ల తలెత్తింది. "అప్పుడే అయిపోయిందేటప్పా?"

దాని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లి నా కుర్చీలో కూర్చోబెట్టాను. "ఎవరో వచ్చి అక్కనంటే అన్నారు గదా సార్, వచ్చింది. ఏమడుగుతారో అడగండి."

పిల్లే మెల్లిగా చెప్పింది. "సలికి మా సెల్లి గుంటకి సెవిపోటొస్తాది సార్. ఎల్లుల్లి నూనె నానే ఎయ్యాల. ఇంకెవులేసినా పారిపోతాది."

సారు కిటికీ వైపు చూస్తూ హోమ్‌కి ఫోన్ చేశాడు. నెలకో ఆదివారం, ఒక గంట, వరండాలో, వార్డెన్ ఎదుట.

"మిగతా పిల్లలకి సార్? రూలు మారుస్తారా?"

"ఇది స్పెషల్ కేసమ్మా. రూలు తరవాత చూద్దాం."

అలా దొరికిన మొదటి ఆదివారం నేనూ వెళ్లాను. చిన్నది వార్డెన్ చీర చాటు నుంచి రాలేదు. అక్క పిలిచింది, నూనె సీసా చూపించింది.

"నువ్వెల్లిపోనావు గదా" అంది చిన్నది.

"నానెల్లనేదే. పంపీసినారు."

చిన్నది వచ్చి బల్లకి ఆ చివర కూర్చుంది. నూనె వెయ్యనివ్వలేదు. గంటయ్యాక ఎటూ చూడకుండా లోపలికి పోయింది.

ఇక బిల్లు. వచ్చింది: నెలకో గంట, అదీ ఒక్క పిల్లకి. శాలువా ఒకటి. రూలు ఎలా ఉన్నది అలాగే ఉంది. ఈ ఏడాది పద్దెనిమిది నిండేవాళ్లూ అదే గేటు బయట నిలబడతారు. పోయింది: నా కథ. అది నాది, పోతే పోయింది. కానీ నష్టానికిచ్చినా సొంత సరుకే ఇస్తుంది పిన్ని. నేను ఆ మొదటి రోజు నవ్వుతూ వదిలేసిన ఆదివారాలు నావి కావు. అవి ఆ ఇద్దరివి. వాటిని వెనక్కి తెచ్చే బేరం నాకు రాదు.