ఖాళీ ట్యూబులో బ్యాక్టీరియా

మా కంటి ఆసుపత్రి ల్యాబులో సీనియర్ టెక్నీషియన్‌ని ఎదురుగా అక్కా అనేవాళ్ళం, చాటుగా కాలుకాలిన పిల్లి అనేవాళ్ళం. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆవిడకి చెప్పులు అరిగాయిగానీ కుర్చీ అరగలేదు. గంటకోసారి ఇంక్యుబేటర్ తలుపు తీసి చూసేది. "మాటిమాటికీ తీస్తే బ్యాక్టీరియా మాత్రం ఎలా పెరుగుతుందక్కా?" అని విసుక్కునేదాన్ని.

ఒకరోజు ఒక దర్జీ వచ్చాడు. ఒక కన్ను చిన్నప్పుడే పోయింది. ఉన్న ఒక్క కంట్లో నల్లగుడ్డు మీద పుండు. ఇంట్లో మిగిలిన చుక్కల మందేదో వేసుకుని మరీ వచ్చాడు మహానుభావుడు. దాంతో బ్యాక్టీరియాని పెంచే మా ప్లేటులో ఏమీ పెరగలేదు. పుండు గీకి తీసిన నమూనాని, జన్యువులు చదివి బ్యాక్టీరియా పేరు చెప్పే కొత్త మిషన్‌లో పెట్టాం. మర్నాడు పేరొచ్చింది. డాక్టరుగారు మందు రాయబోతున్నారు. మేం హమ్మయ్య అనుకున్నాం.

అక్క మాత్రం గదంతా తిరుగుతూనే ఉంది. "ఇది చర్మం మీద ఉండే రకం కదే. ఇంత పుండు చేస్తుందా? తప్పు మందు పడితే ఆ కన్నూ పోతుందే!"

నమూనాలతో పాటు ఉత్త నీళ్ళు పోసిన ట్యూబు ఒకటి మిషన్‌లో పెడతాం. అందులో ఏమీ రాకూడదు. రాదన్న ధీమాతో ఆ ఫలితం ఎవరమూ చూసేవాళ్ళం కాదు. అక్క చూసింది. అందులోనూ అదే బ్యాక్టీరియా!

అక్క కూలబడింది. "నేనేనే. రసాయనం సరిగ్గా కలిసిందో లేదోనని ట్యూబులన్నిటి మూతలు మళ్ళీ తీసి చూశాను. మొహం తుడుచుకున్న గ్లౌజులతోనే."

"మిషన్ తప్పని చెప్పేద్దాం అక్కా, ఎవరికి తెలుస్తుంది?" అన్నాను. ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

అక్క నేరుగా డాక్టరుగారి గదికి వెళ్ళి తప్పు తనదేనంది. "ఇక మీరు ఆ మిషన్ ముట్టుకోవద్దు" అన్నారాయన.

మిగిలిన నమూనా ఒక్కసారికే వస్తుంది. నేనే చేశాను. అక్క అద్దం తలుపు బయట నిలబడి "గ్లౌజులు మార్చావా?" అని మూడుసార్లు అడిగింది. ఈసారి వేరే పేరొచ్చింది, నీళ్ళ ట్యూబులో ఏమీ రాలేదు. మందు మారింది.

నెల తిరిగేసరికి పుండు మానింది. దర్జీ ల్యాబుకొచ్చి "నా కన్ను నిలబెట్టింది ఎవరమ్మా?" అన్నాడు. అప్పటికి నమూనాల కౌంటర్లో చీటీలు అంటిస్తున్న అక్క, తలెత్తి నన్ను చూపించింది. అతను నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేశాడు.

నేను కాదు, ఆవిడ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.